మునగ గింజలు పారేయకుండ్రి, మోరీ నీళ్ళకు వాడి చూద్దాం

సంపాదకులకు నమస్కారం.

మాది నకిరేకల్ దగ్గర ఒక పల్లె. సీసీ రోడ్లు ఏసినప్పుడు మోరీలు కూడా కట్టిన్రు, సంతోషమే, కానీ ఆ మోరీలన్నీ తీసుకపోయి కుంటల కలిపిన్రు. తానాల నీళ్ళు, బోళ్ళు తోమిన నీళ్ళు, బట్టల సర్ఫు అంతా అందుట్లకే. మేం చిన్నగున్నప్పుడు ఆ కుంటలనే బర్లను కడిగేటోళ్ళు, ఇప్పుడు బర్రె గట్టుకాడికి పోయి వాసన చూసి ఎనక్కి మర్లుతుంది.

వానాకాలం బాయినీళ్ళు ఎర్రగొస్తే మా నాయనమ్మ కుండ లోపలి పక్క చిల్లగింజ గరగరా అరగదీసి నీళ్ళు పోసిపెట్టేది. తెల్లారేసరికి మట్టి అడుక్కు దిగి పైన తేటనీళ్ళు ఉండేవి. అది యాదికొచ్చి మొన్న ఎండాకాలం నేను మునగ గింజలతోని చేసి చూసిన, ఎందుకంటే చిల్లగింజలు ఇప్పుడు దొరుకుతలేవు, మునగచెట్టేమో ఇంటింటికీ ఉంది. చెట్టుమీదనే ఎండిన కాయలు తెంపి, గింజల పొట్టు తీసి, లోపలి తెల్లపప్పు మిక్సీ పట్టి నీళ్ళల్ల కలిపి బట్టతోని వడగట్టిన. రెండు బకెట్ల మోరీ నీళ్ళు తెచ్చి ఒకదాంట్ల ఈ పాలు పోసిన, రెండోదాంట్ల ఏం పొయ్యలే. ఒక నిమిషం గిరగిరా తిప్పి, తర్వాత పావుగంట మెల్లమెల్లగ కలిపితే నీళ్ళల్ల దూదిపింజల లెక్క తేలినయి, గంటన్నరకు అవన్నీ కిందికి దిగి బకెట్ అడుగు కనబడ్డది. రెండో బకెట్ అట్లనే బూడిద రంగుల ఉండిపోయింది.

ఇందుల మాయేం లేదు. మురికి రేణువులకు రుణావేశం (మైనస్ ఛార్జి) ఉంటది, అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంట నీళ్ళల్లనే తేలుతుంటయి. మునగ గింజల ప్రోటీన్‌కు ధనావేశం (ప్లస్ ఛార్జి), అది వాటన్నిటినీ దగ్గరికి లాగి ముద్ద చేస్తది. పటిక చేసే పని కూడా ఇట్లాంటిదే. సూడాన్‌ల ఆడవాళ్ళు నైలు నది బురదనీళ్ళను ఈ గింజలతోనే తేటచేసుకునేటోళ్ళు.

పటిక అంటే మన జిల్లాకు కొత్తనా చెప్పండి. తాగేనీళ్ళల్ల ఫ్లోరైడ్ తియ్యడానికి నాగ్‌పూర్‌ల ఉన్న పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ 1970లల్ల తయారుచేసిన పద్ధతి పేరే నల్గొండ టెక్నిక్, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలుపుడు. ఆ పేరు టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. కానీ పటికతోని నీళ్ళ పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పడిపోతది, సున్నం కలపాలె, అడుగున మిగిలే మడ్డిల అల్యూమినియం ఉంటది, దాన్ని ఎక్కడ పొయ్యాల్నో తెల్వదు. మునగ గింజతోని పీహెచ్ పెద్దగ మారదు, ఇండ్ల మురుగు నుంచి వచ్చిన మడ్డి అయితే ఎండబెట్టి పెంటల కలుపుకోవచ్చు. నూనె తీసిన తర్వాత మిగిలిన పిండి కూడా పనిచేస్తది.

దీంతోని అన్నీ అయిపోతయని నేను అంటలేను. ఫ్లోరైడ్‌కు ఇది మందు కాదు, మూసీల కలిసే ఫ్యాక్టరీ రసాయనాలకు అసలే కాదు. తేటగైనయి గదా అని తాగొద్దు, క్రిములు అన్నీ చావవు. గింజల పదార్థం కొంత నీళ్ళల్లనే మిగులుతది కాబట్టి ఒకటి రెండు రోజులు నిల్వ ఉంచితే వాసనొస్తది, వెంటనే చెట్లకు పారబెట్టుకోవాలె. నల్గొండ టౌన్ మురుగు మొత్తానికి గింజలు ఎక్కడ తేగలం, అది కూడా నిజమే.

కానీ ఒక హాస్టల్‌కు, మధ్యాహ్న భోజనం బోళ్ళు కడిగే ఒక బడికి, మా కుంటల పడే ఒక్క మోరీకి సరిపోదా? మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ రెండూ మన దగ్గరనే ఉన్నయి. కెమిస్ట్రీ పిల్లలతోని ఊరూరి మోరీ నీళ్ళు తెప్పించి, ఏ నీళ్ళకు ఎన్ని గింజలు పడతయో లెక్క తీయిస్తే పంచాయతీలకు ఎంత ఆసరా అయితది! పంచాయతీలు కూడా మోరీని కుంటల కలిపే ముందు రెండు తొట్లు కట్టియ్యాలె, ఒకదాంట్ల కలపడానికి, ఇంకోదాంట్ల తేరుకోవడానికి. నా దగ్గర ఎండిన మునగకాయలు రెండు సంచులు ఉన్నయి, ఎవరన్న టెస్ట్ చేస్తమంటే వచ్చి తీసుకపోండి, పైసలేం వద్దు.

ఇట్లు,
మీ పాఠకురాలు, నల్గొండ జిల్లా