పటం కాగితానికి తగినట్టు అమరాలి

సంపాదకులకు నమస్కారం. మా గుంటూరు విద్యార్థుల ప్రాజెక్టు నివేదికల్లో గ్రాఫ్‌విజ్ అనే, గడులు–గీతల పటాలు గీసే సాఫ్ట్‌వేర్‌తో తయారైన పటాలు అడ్డంగా సాగిపోయి, ఏ4 కాగితంపై ముద్రించేసరికి అక్షరాలు చీమల బారులా మారి చదవరాకుండా పోతున్నాయి. ఒక నోడ్ (పటంలోని గడి) కింద 40 ఆకు నోడ్లుంటే (తమ కింద మరేమీ లేనివి), గ్రాఫ్‌విజ్‌లో నోడ్లను వరుసలుగా అమర్చే ‘డాట్’ ప్రోగ్రామ్ వాటన్నిటినీ ఒకే వరుసలో పేరుస్తుంది. అప్పుడు పటం గరిష్ఠ కొలతను నిర్ణయించే ‘సైజ్’ను మాత్రమే తగ్గిస్తే వెడల్పు, ఎత్తుల నిష్పత్తి మారకుండా పటమంతా కుంచించుకుపోతుంది. ఆ నిష్పత్తిని నిర్ణయించే ‘రేషియో’కు ‘ఫిల్’ (ఇచ్చిన కొలతను నింపు) అని ఇచ్చినా నోడ్ల మధ్య ఎడమే మారుతుంది, వరుసలు విడివడవు.

అసలు మందు వేరే ఉంది. గ్రాఫ్‌విజ్‌తోపాటే వచ్చే ‘అన్‌ఫ్లాటెన్’ అనే ప్రోగ్రామ్ ద్వారా ఫైలును ముందుగా పంపి, ‘ఎల్’ ఐచ్ఛికానికి 3 ఇస్తే ఆకు నోడ్లు మూడు వరుసల్లోకి సర్దుకుంటాయి. వరుసలు సాగే దిశను తెలిపే ‘ర్యాంక్‌డిర్’ను ఎడమ నుంచి కుడికి మార్చడమూ నిలువు కాగితానికి బాగా నప్పుతుంది. అధ్యాపకులు ఈ రెండింటినీ ల్యాబ్ మాన్యువళ్లలో తప్పక చేర్చాలని మనవి.

– ఒక అధ్యాపకురాలు, బ్రాడీపేట, గుంటూరు