అమ్మానాన్నలు నా సెలవుల్లో వచ్చి వెళ్లేలా చూడండి: విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారత విదేశాంగ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాలు) ఒకదానిలో, ఒక విశ్వవిద్యాలయంలో పదకొండేళ్లుగా గణితం బోధిస్తున్నాను. ఇక్కడికి వచ్చి స్థిరపడాలన్న ఆలోచన మా అమ్మానాన్నలకు ఏ కోశానా లేదు. ఓపిక ఉన్నన్నాళ్లు ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చి, కొడుకు దగ్గర కొన్ని వారాలు ఉండి, తిరిగి తమ ఇంటికి చేరుకోవాలన్నదే వారి కోరిక. దానికి అడ్డుపడుతున్న ఒక వీసా నిబంధన గురించి, ఆ విషయంలో మీరు చేయగల సాయం గురించి ఈ లేఖ రాస్తున్నాను.

పాఠాలు చెప్పేవారికి సెలవులకు కొదవ ఉండదని చాలామంది అనుకుంటారు. సెలవులు ఉన్న మాట నిజమే గాని, అవి మేము ఎంచుకున్నప్పుడు వచ్చేవి కావు. ఇతర ఉద్యోగాల్లో ఉన్న నా స్నేహితులు తల్లిదండ్రులు వచ్చిన వారంలోనే పది రోజులు సెలవు పెట్టుకోగలరు. సెమిస్టరు నడుస్తుండగా నూట ఇరవై మంది విద్యార్థుల తరగతిని వదిలి ఇంట్లో ఉండడం నాకు కుదిరే పని కాదు. అందుకే మా వంటివారి విషయంలో తల్లిదండ్రులు ఎన్ని రోజులు ఉంటారన్నదానికంటే, ఏ రోజుల్లో ఉంటారన్నదే ముఖ్యం.

2019లో వారిని వేసవి సెలవుల్లో రప్పించాలని ఏప్రిల్‌లోనే ప్రయత్నం మొదలుపెట్టాను. అదే కాలానికి పర్యాటకులందరూ దరఖాస్తు చేస్తారు కనుక వీసా కేంద్రంలో అపాయింట్‌మెంట్ దొరికేసరికి ఆగస్టు వచ్చింది. వీసా చేతికంది, ప్రయాణం కుదిరేసరికి అక్టోబరు మొదటి వారం అయింది. సరిగ్గా ఆ వారమే నాకు తరగతులు మొదలయ్యాయి. వారు నా దగ్గర ఉన్న 81 రోజుల్లో, ఆదివారాలు తీసేస్తే, నేను పూర్తిగా ఇంట్లో ఉన్నవి 9 రోజులు. పొద్దున బయలుదేరే ముందు, అత్యవసరమైతే 112కి ఫోన్ చేయాలని, చేసి ఏ మాటలు చెప్పాలో ఇక్కడి భాషలోని ఉచ్చారణనే తెలుగు అక్షరాల్లో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. మధ్యాహ్నం ఎవరైనా కాలింగ్ బెల్ నొక్కితే, ఏమని పలకాలో తెలియక ఇద్దరూ చప్పుడు చేయకుండా కూర్చునేవారని అమ్మ చాలా రోజుల తర్వాత గాని నాకు చెప్పలేదు.

నాన్న ఉన్నత పాఠశాలలో గణితం చెప్పి పదవీ విరమణ చేసినవారు. రాత్రి నేను జవాబు పత్రాలు దిద్దుతుంటే ఎదురుగా కూర్చుని, దిద్దినవాటిని వరుస సంఖ్యల ప్రకారం సర్ది పెట్టేవారు. భాష రాకపోయినా సమీకరణాలు చదవగలరు కదా. ఒక రాత్రి ఒక పత్రం నా వైపు తిప్పి, "మూడో స్టెప్పులో గుర్తు మార్చడం మర్చిపోయాడు చూడు, మిగతాదంతా బాగానే చేశాడు, మార్కులు మరీ కోసేయకురా" అన్నారు. ఆ 81 రోజుల్లో తండ్రీ కొడుకులం మనసారా కలిసి గడిపిన సమయం ఏదంటే నాకు ముందుగా ఆ రాత్రే గుర్తుకొస్తుంది.

2023లో మళ్లీ వచ్చినప్పుడు ఒక్క ప్రవేశానికి, 30 రోజులకు మాత్రమే వీసా ఇచ్చారు. అదృష్టం కొద్దీ ఆ రోజులు నా వేసవి సెలవుల్లో పడ్డాయి. ఆ నెల మాకు ఆ మొదటి మూడు నెలలకంటే ఎక్కువ. నేను అడుగుతున్నది ఇంకా ఎక్కువ రోజులు కాదని దీనివల్ల మీకు అర్థమవుతుందని నమ్ముతున్నాను. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదన్న షెంగెన్ పరిమితి మాకు చాలు. వేసవిలో నాలుగు వారాలు, సంవత్సరాంతంలో రెండు వారాలుగా దాన్ని విడగొట్టుకునే వీలు ఉంటే చాలు. అందుకు పలుమార్లు ప్రవేశించగల, కొన్నేళ్లు చెల్లే వీసా కావాలి.

అటువంటి వీసా ఉంది. 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ యూనియన్ కార్యనిర్వాహక సంస్థ అయిన యూరోపియన్ కమిషన్ భారతీయుల కోసం తీసుకున్న నిర్ణయం ప్రకారం, గత మూడేళ్లలో రెండు వీసాలు పొంది సక్రమంగా వాడుకున్నవారికి రెండేళ్ల వీసా, ఆ తర్వాత సాధారణంగా అయిదేళ్ల వీసా ఇస్తారు. ఆ వార్త చదివి ఎంతో సంతోషించాను. తర్వాత లెక్క వేసుకుంటే, మా అమ్మానాన్నలకు లెక్కకు వచ్చేది ఒక్క వీసాయే. 2019 తర్వాత కోవిడ్ వచ్చింది, ఆ వెంటనే అమ్మ మోకాలి ఆపరేషన్ వచ్చింది, ఈలోగా మొదటి వీసాకు మూడేళ్ల గడువు దాటిపోయింది. వ్యాపార పనుల మీద తిరిగేవారికి మూడేళ్లలో రెండు ప్రయాణాలు పెద్ద విషయం కాకపోవచ్చు. నాన్నకు ఇప్పుడు 76 ఏళ్లు, అమ్మకు 71. ఒక ప్రయాణానికీ ఇంకొక ప్రయాణానికీ మధ్య ఒక ఆపరేషనో, ఒక అనారోగ్యమో వచ్చే వయసు అది. సక్రమంగా వచ్చి గడువులోపలే తిరిగి వెళ్లినవారు, అనారోగ్యం వల్ల రాలేకపోయినందుకు మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడవలసి రావడం న్యాయం కాదు.

దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. తరచుగా ప్రయాణించవలసిన అవసరాన్ని, తమ విశ్వసనీయతను నిరూపించుకున్నవారికి అయిదేళ్ల వరకు చెల్లే వీసా ఇవ్వవచ్చునని 2009 నాటి షెంగెన్ వీసా కోడ్ (వీసా నియమావళి) 24వ అధికరణలోనే ఉంది. ఆ వెసులుబాటును వీసాలు ఇచ్చే ఆ దేశాల కాన్సులేట్లు ఇటువంటి తల్లిదండ్రుల విషయంలో వాడాలన్నదే నా కోరిక.

షెంగెన్ వీసాలు ఇచ్చే అధికారం మీ శాఖది కాదని నాకు తెలుసు. అయినా ఈ మాట అవతలి పక్షానికి చెప్పగలిగే స్థానం మీదే. వలసలు, రాకపోకలపై 2016లో యూరోపియన్ యూనియన్‌తో ఉమ్మడి అజెండా కుదిరింది. 2022 డిసెంబరులో జర్మనీతో విడిగా ఒప్పందం జరిగింది. విద్యార్థులు, పరిశోధకులు, వృత్తి నిపుణులు వెళ్లి రావడానికి ఈ చర్చల్లో దారులు వేశారు. ఆ దారిన వెళ్లి అక్కడ పనిచేస్తున్నవారిని చూడడానికి వచ్చే పెద్దల మాట కూడా ఇకపై ఆ బల్లమీదికి తీసుకురండి. అక్కడ చట్టబద్ధంగా నివసిస్తున్నవారి తల్లిదండ్రుల విషయంలో మూడేళ్ల కాలాన్ని కనీసం ఏడేళ్లకు పెంచమని, ఒక్కసారి వచ్చి గడువులోపల తిరిగి వెళ్లినా దాన్ని విశ్వసనీయతకు తగిన ఆధారంగా తీసుకోమని అడగండి. పాఠశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవారి తల్లిదండ్రులకు సెలవుల తేదీలను చూసి అపాయింట్‌మెంట్ ఇచ్చే ఏర్పాటు కూడా చేయగలిగితే మరింత మేలు.

వచ్చే వేసవి కోసం మా అమ్మానాన్నలు మళ్లీ దరఖాస్తు చేయబోతున్నారు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు కనుక, నా సెలవుల తేదీలు ప్రకటించిన రోజే నాన్నకు పంపించాను. ఆయన వాటిని క్యాలెండరులో ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకున్నారు.

భవదీయుడు,
ఐరోపాలో పనిచేస్తున్న ఒక గణిత అధ్యాపకుడు