గూఢచారికి ఫస్ట్ షో ఇవ్వరా?

సంపాదకుల గారికి నమస్కారం.

మీ సినిమా పేజీలో స్పై సినిమాల మీద వచ్చిన వ్యాసం చదివాను. చాలా మాటలతో పేచీ లేదు గానీ, తెలుగు ప్రేక్షకుడికి ఫైట్లు, ఛేజింగులు ఉంటేనే స్పై సినిమా ఎక్కుతుంది, మాటల మీద నడిపితే హాల్లో నిద్రపోతాడు అని తేల్చేశారు చూడండి, అది మాత్రం మింగుడుపడలేదు. నిద్రపోతామో లేదో తెలియాలంటే ముందు ఆ సినిమా మేం వెళ్లగలిగే వేళకి వేయాలి కదండీ.

నేనుండేది బెంగళూరు మారతహళ్లిలో. ఇటువైపు తెలుగువాళ్లం ఎంతమందిమి ఉన్నామో చెప్పక్కర్లేదు, పెద్ద హీరో సినిమా పడిందంటే కటౌట్లు, పాలాభిషేకాలు, డప్పులు, హైదరాబాద్‌కి ఏమాత్రం తీసిపోం. అదే స్టార్ లేని స్పై థ్రిల్లర్ వస్తే ఉదయం పదింటికి ఒక ఆట, రాత్రి పదకొండుకి ఒక ఆట పడేస్తారు. మంగళవారం ఉదయం పదింటికి ఆఫీసు మీటింగ్ ఎగ్గొట్టి ఎవరు వెళ్తారు? రాత్రి పదకొండు ఆటకి వెళ్లి ఒంటిగంటన్నరకి ఆటో కోసం ఎవరు బేరమాడతారు? మూడో రోజుకి జనం లేరని తీసేస్తారు. ఆ వారాంతానికి మీ పేపర్లోనే "ప్రేక్షకులు ఆదరించలేదు" అని వస్తుంది.

టికెట్ ధర సంగతి సరేసరి. రెండు వందలు మించకూడదని కర్ణాటక ప్రభుత్వం 2025 సెప్టెంబర్‌లో పరిమితి పెట్టింది, అదే నెలలో హైకోర్టు స్టే ఇచ్చింది. నలుగురున్న కుటుంబం మల్టీప్లెక్స్‌కి వెళ్తే టికెట్లు, పాప్‌కార్న్, పార్కింగ్ కలిపి ఎంతవుతుందో మీకూ తెలుసు. అంత పెట్టేటప్పుడు ఎవరైనా తెర దద్దరిల్లే సినిమానే ఎంచుకుంటారు, నెమ్మదైనది ఓటీటీలో వస్తుందిలే అనుకుంటారు. నేనూ అలాగే లెక్కేసుకుంటాను. దీన్ని అభిరుచి అంటే ఎలా, ఇది జేబు సంగతి.

నిజానికి ఈ రకం సినిమా మనకి కొత్తదేం కాదు. 1966లో 'గూఢచారి 116' వచ్చి కృష్ణగారిని ఆంధ్రా జేమ్స్‌బాండ్‌ని చేసింది. మరుసటి ఏడాదే అది హిందీలో 'ఫర్జ్' అయి జితేంద్రని నిలబెట్టింది. 1968లో ఇక్కడ కన్నడంలో 'జేడర బలె' వచ్చింది, సి.ఐ.డి. 999గా రాజ్‌కుమార్. మా ఆఫీసులో కన్నడ మిత్రుడితో నాకు ఈ విషయంలో ఎడతెగని వాదన: వాళ్ల 999 గొప్పా, మా 116 గొప్పా అని. (మాదే ముందొచ్చింది, అక్కడితో అతను మాట మార్చేస్తాడు.) ఇక దగ్గరికొస్తే, 2018లో అడివి శేష్ 'గూఢచారి' తక్కువ బడ్జెట్‌లోనే తీశారు. ఫైట్లు లేవని కాదు, ఉన్నాయి. కానీ నన్ను కూర్చోబెట్టింది మాత్రం తండ్రి గురించి ఆ కుర్రాడి వెతుకులాట, ఎవర్ని నమ్మాలో తెలియని ఆ టెన్షన్. ఆ సినిమాని ఆడించింది చూసినవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్న నోటి మాటే. మరి నిద్రపోయే ప్రేక్షకులు అప్పుడెక్కడున్నారు?

నాకు స్పై సినిమాలో కావలసింది ఆ భయమే, పట్టుబడిపోతాడేమోనని. హీరో ఒంటిచేత్తో యాభైమందిని పడగొట్టగలిగితే ఇక పట్టుబడితే మాత్రం ఏమవుతుంది? 2025 ఆగస్టులో 'వార్ 2' వచ్చినప్పుడు ఎన్టీఆర్ కోసం మొదటి రోజే వెళ్లాను. డాన్స్ చూసి ఈల వేశాను. ఇంటికొచ్చాక కథలో ఎవరి రహస్యం ఎవరికి తెలియకూడదో గుర్తు తెచ్చుకోబోతే ఒక్కటీ గుర్తు రాలేదు.

అదే ఏడాది స్టీవెన్ సోడర్‌బర్గ్ 'బ్లాక్ బ్యాగ్' వచ్చింది. నిడివి గంటన్నర పైన కొద్ది నిమిషాలే. భార్యాభర్తలిద్దరూ గూఢచారులే, సంస్థలో ఒక ద్రోహి ఉన్నాడు, అది తన భార్యేనేమోనని భర్తకి అనుమానం. అతనేం చేస్తాడంటే అనుమానితులందరినీ ఇంటికి భోజనానికి పిలుస్తాడు. వంట తనదే. చనా మసాలాలో మందు కలిపి, నువ్వు మాత్రం అది తినకని భార్యకి ముందే చెప్తాడు! ఆ తర్వాత బల్ల చుట్టూ ఒక్కొక్కరి నోరు జారడం మొదలవుతుంది. గ్లాసులు, కంచాలు, మాటలు, అంతే. ఆ పది నిమిషాల్లో నాకు పట్టిన చెమట ఏ హెలికాప్టర్ ఫైట్‌లోనూ పట్టలేదు.

స్పీల్‌బర్గ్ 'బ్రిడ్జ్ ఆఫ్ స్పైస్' కూడా ఇప్పటికీ అప్పుడప్పుడు పెట్టుకు చూస్తుంటాను, ముఖ్యంగా ముసలి గూఢచారి గదిలోకి ఎఫ్.బి.ఐ. వాళ్లు చొరబడే చోటు. ఆయన లోదుస్తుల్లో నిలబడి, బొమ్మలేసే రంగులు ఆరిపోతాయి, నా ప్యాలెట్ (రంగులు కలిపే పలక) శుభ్రం చేసుకోనా అని మర్యాదగా అడుగుతాడు. వాళ్లు సరే అంటారు. రహస్య సందేశం ఉన్న చిన్న కాగితంతోనే ఆ రంగు తుడిచేస్తాడు, వాళ్ల కళ్లముందే. మార్క్ రైలాన్స్‌కి ఆ పాత్రకి ఆస్కార్ ఇచ్చారు, ఆ ఒక్క సీన్‌కే ఇచ్చినా తప్పులేదు. మన దగ్గర 2018 నాటి 'రాజీ' కూడా అలాంటిదే. పాకిస్తాన్ సైనికాధికారి ఇంట్లో కోడలిగా ఉన్న భారత గూఢచారిణి అక్కడి పిల్లలకి దేశభక్తి పాట నేర్పుతుంటుంది, పిల్లలు పాడేది వాళ్ల దేశం కోసం, ఆమె మనసులో ఉన్నది మన దేశం. ఆ సినిమా వంద కోట్లు దాటింది మరి.

'ధురంధర్' గురించి చెప్పకపోతే మా వాళ్లు ఊరుకోరు. మూడున్నర గంటలు కూర్చున్నాను, అక్షయ్ ఖన్నా కోసం ఇంకో గంటైనా కూర్చునేవాణ్ణి. రక్తపాతం నాకు ఎక్కువైంది గానీ, హీరో కరాచీలో జ్యూస్ కొట్టులో పనికి కుదిరి మెల్లగా లోపలికి పాకే ముక్క మాత్రం అసలైన గూఢచారి కథ. కాకపోతే థియేటర్లలో మొదట హిందీలోనే వచ్చింది. చిత్తూరు నుంచి వచ్చిన మా అమ్మానాన్నలకి పక్కన కూర్చుని గుసగుసగా అనువాదం చెప్పాల్సి వచ్చింది, వెనక సీటాయన రెండుసార్లు దగ్గాడు. మిగతా సినిమాల్లో ఒక మాట పోయినా నష్టం లేదు. స్పై సినిమాలో ఒక్క మాట పోతే ఆ తర్వాత అరగంట అయోమయమే.

అందుకే సబ్‌టైటిళ్ల సంగతి కూడా మీరు రాయాలి. వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసం థియేటర్లలో క్యాప్షన్లు ఉండాలని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2024 మార్చిలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అది సరిగా అమలైతే ఆ పేరు చెప్పుకుని, నాలుగు భాషలవాళ్లు ఒకే హాల్లో కూర్చునే ఈ ఊళ్లో అందరికీ పనికొస్తుంది. మా కన్నడ మిత్రుడు తెలుగు సినిమాకి వస్తాడు, మేం మలయాళానికి వెళ్తాం.

థియేటర్ల వాళ్లని నేనడిగేది పెద్ద కోరికేం కాదు. స్టార్ లేని సినిమాకి మొదటి వారం ఒకే ఒక్క ఫస్ట్ షో, ఆరున్నరకో ఏడుకో, ఇవ్వండి. శనాదివారాలు పెద్ద సినిమాలకే ఉంచుకోండి, పనిరోజుల్లో ఇవ్వండి చాలు. ఇక మీ పేపర్‌వాళ్లు కూడా ఎంత వసూలైందన్న అంకెతో పాటు ఎన్ని ఆటలు పడ్డాయి, ఏ వేళకి పడ్డాయి అన్నది వేస్తే లెక్క సరిగా ఉంటుంది. శుక్రవారం బెంగళూరు ఎడిషన్‌లో ఏ హాల్లో సబ్‌టైటిళ్లు ఉన్నాయో కూడా ఒక చిన్న కాలమ్‌లో వేయండి. బుకింగ్ యాప్‌లో ఆ ముక్క ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు. తీరా టికెట్ కొని, లైట్లు ఆరాక తెలుస్తోంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు