నల్ల ఇంకు, మూడున్నర అంగుళాల కాగితం

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ టర్మ్‌లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా డ్రాయింగ్ పీరియడ్లలో రంగుల డబ్బాలు పక్కన పెట్టి, నల్ల ఇంకు కలంతో నమూనాలు అల్లడం నేర్పుతున్నాం. పిల్లలు ఇంటికి తెస్తున్న చిన్న చదరపు కాగితాలు చూస్తే మీకు నోటుబుక్కు చివరి పేజీల్లోని పిచ్చిగీతలు గుర్తుకు రావచ్చు. పోలిక నిజమే. అయితే ఇక్కడ గీతలకు ఒక వరుస ఉంది. ఏ ఆకారం ముందుంది, ఏది దాని వెనక్కి వెళ్తుంది అన్నది కలం ఆనించకముందే తేల్చుకోవాలి. రబ్బరుతో దిద్దుకునే వీలు లేదు.

ఈ పద్ధతికి ఇప్పుడున్న రూపం ఇచ్చింది అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన మరియా థామస్, రిక్ రాబర్ట్స్. 2000 తర్వాతి తొలి ఏళ్లలో దీన్ని 'జెంటాంగిల్' పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. ఆ పేరు వాళ్ల ట్రేడ్‌మార్కు కనక మన టైంటేబుల్లో 'కలం గీతలు' అని పెట్టాం. దానితో పాటు చెప్పే ధ్యానం సంగతులు తరగతిలోకి తేలేదు. గీత కుదరడమే ఏడాదికి సరిపడా పని.

కాగితం కొలత మూడున్నర అంగుళాల చదరం, అంటే సుమారు 89 మిల్లీమీటర్లు. ఒక ఏ4 షీటులో అడ్డంగా రెండు, నిలువుగా మూడు, మొత్తం ఆరు ముక్కలు వస్తాయి. ముందు పెన్సిల్‌తో నాలుగు మూలలా నాలుగు చుక్కలు పెట్టి, స్కేలు లేకుండా వాటిని కలిపితే అంచు అవుతుంది. లోపల ఒకే వంకర గీత అటూ ఇటూ తిప్పితే గదులు ఏర్పడతాయి. ఒక్కో గదిని ఒక్కో నమూనాతో ఇంకుతో నింపాలి. మొదట్లో మూడు నమూనాలు మించకూడదు. ఎక్కువైతే కంటికి ఆనేది ఏదీ ఉండదు.

ఎక్కువ మంది తడబడేది పట్టీలు ఒకదాని వెనక ఒకటి దూరే నమూనాలో. రెండు సమాంతర గీతలతో మొదటి పట్టీ పూర్తిగా గీయాలి. రెండోది దాని అంచు దాకా వచ్చి ఆగి, అవతలి పక్క మళ్లీ మొదలవ్వాలి. ముందుది ముందు, వెనకది తర్వాత. పిల్లలు రెండింటినీ ఒకదాని మీదుగా ఒకటి గీసేసి, తర్వాత ఏది పైనుందో తేల్చలేక మొత్తం నల్లగా పూసేస్తారు. అలా పాడైన ముక్కను పారేయనివ్వకండి. ఆ నలుపు చుట్టూ కొత్త నమూనా కట్టడమూ పాఠమే.

రవీంద్రనాథ్ ఠాగూరు చేసింది అదే. రాతప్రతుల్లో కొట్టేసిన మాటలను గీతలతో కలిపి పక్షులుగా, వింత జంతువులుగా మార్చేవారు. 1924 నాటి 'పూరబి' కవితల రాతప్రతి నిండా అలాంటివే. ఆ అలవాటే ముదిరి చిత్రకళ అయింది. 1930లో పారిస్‌లో ఆయన బొమ్మల ప్రదర్శన జరిగేనాటికి డెబ్బై ఏళ్లకు దగ్గరలో ఉన్నారు.

ఈ కళకు పోలికలు దొరికే చోట్లు చాలా ఉన్నాయి. ఐర్లండులో భద్రపరిచిన, సుమారు క్రీ.శ. 800 ప్రాంతపు రాతప్రతి 'బుక్ ఆఫ్ కెల్స్' పుటల్లో పట్టీలు ఒకసారి పైనుంచి, మరుసారి కిందనుంచి వెళ్తాయి. వరుసగా రెండుసార్లు పైనుంచి వెళ్తే తప్పు జరిగినట్టే. మీ అబ్బాయి, అమ్మాయి గీసినవి మీరూ ఇలాగే సరిచూడవచ్చు. మన మెలికల ముగ్గులోనూ గీత చుక్కల చుట్టూ తిరుగుతుంది గానీ అక్కడ పైన, కింద అన్న పట్టింపు లేదు. ఇంగ్లండు చిత్రకారుడు ఆబ్రీ బియర్డ్‌స్లీ (1872–1898) దగ్గర నేర్చుకోవాల్సింది నలుపును ఒకచోట కుప్పపోసి తక్కిన చోటు ఖాళీగా వదిలే ధైర్యం. ఆయన బొమ్మలు అచ్చయిన లైన్ బ్లాకు (గీతల బొమ్మలు అచ్చువేసే లోహపు పలక) నలుపు, తెలుపు తప్ప బూడిద రంగు ఇవ్వలేదు. అందుకే ఛాయలన్నీ చుక్కలతోనో సన్నగీతలతోనో పుట్టించాలి. మధ్యప్రదేశ్ గోండు చిత్రకారుల్లో ఒక్కొక్కరికీ సొంత నింపుడు గీత ఉంటుంది. దాన్ని బట్టి బొమ్మ ఎవరిదో చెప్పేయవచ్చు. రెండో టర్మ్‌లో మన పిల్లలకూ అదే పని ఇస్తాం.

శ్రీకాళహస్తి కలంకారీని ఈ వరుసలో కలపడం మొహమాటానికి కాదు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసే కసిమి అనే ద్రవం, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పడగానే నల్లబడుతుంది. ఇనుము, కరక్కాయ వగరు కలిసిన ఫలితం అది. యూరప్ రాతప్రతుల్లో ఓక్ చెట్టు బొడిపెలతో చేసిన ఇంకుదీ ఇదే రసాయనం. గుడ్డకు కరక్కాయతో పాటు పాలు పట్టించకపోతే గీత పాకిపోతుంది.

మామూలు నోటుబుక్కు కాగితం మీద ఇంకు పాకడానికీ అలాంటి కారణమే. నారల మధ్యకు ఇంకు చొరబడకుండా ఆపే పూత అందులో తక్కువ. అందుకే 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాములు) కార్ట్‌రిడ్జ్ కాగితం, అంటే మందమైన డ్రాయింగ్ కాగితం అడుగుతున్నాం. కలాల్లో పిగ్మెంటు ఇంకు ఫైన్‌లైనర్లు (సన్న మొన కలాలు) రెండు చాలు. సకురా పిగ్మా మైక్రాన్ మొన నంబర్లలో గీతలకు 01 (0.25 మి.మీ.), నల్లగా నింపడానికి 08 (0.50 మి.మీ.). సన్నదానితో నింపితే మొన అరిగిపోతుంది. గట్టిగా నొక్కితే లోహపు గొట్టంలోకి దిగిపోతుంది. కలం కాస్త నిటారుగా పట్టుకుని, వంపు దగ్గర చేతికి బదులు కాగితాన్ని తిప్పాలి. ఎడమచేతి వాటం పిల్లలు కుడి పక్క నుంచి మొదలుపెడితే గీత అలుక్కుపోదు.

నీడ చివర్లో, ఇంకు బాగా ఆరాక, 2బి పెన్సిల్‌తో, వెనక్కి వెళ్లే పట్టీ అంచున మాత్రమే వేయాలి. పెన్సిల్ ముందు పూస్తే ఆ పొడి కలం మొనలో ఇరుక్కుని గీత తెగుతుంది. వేలితో రుద్దవద్దు, చర్మపు జిడ్డుకు మరకలు పడతాయి. చెవులకు వాడే దూది పుల్ల చాలు. బజారులో దొరికే ఖరీదైన కిట్లు కొనకండి.

వచ్చే సోమవారానికి ఒక్కొక్కరితో నాలుగు ఏ4 షీట్లు, రెండు కలాలు పంపండి. 08 దొరకకపోతే 05 ఫరవాలేదు. పర్మనెంట్ మార్కరు మాత్రం వద్దు, కాగితం వెనక్కి దిగుతుంది. పూర్తయిన ముక్కలు తల్లిదండ్రుల సమావేశం నాడు వరండాలో పెడతాం. ప్రతి ముక్క వెనక పేరు, తరగతి పెన్సిల్‌తో రాయమనండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు