సముద్రం లేని జిల్లా నుంచి ఐదో అర్జీ

గౌరవనీయులైన రాష్ట్ర పర్యావరణ శాఖ మంత్రి గారికి,

ఆదోని నుంచి ఒక కాలేజీ అధ్యాపకుడు నమస్కరించి రాసుకుంటున్న లేఖ. సముద్రంలో చమురు కారి ఒడ్డుకు చేరినప్పుడు శుభ్రం చేయడానికి వెళ్లేవాళ్లకు శిక్షణ, రక్షణ సామగ్రి ఇవ్వాలని ఇప్పటికి నాలుగు అర్జీలు ఇచ్చాను. వాటిని ఎవరూ చదవలేదని అర్థమయ్యాక ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

చమురు తెట్టు వస్తే సముద్రంలో కోస్ట్ గార్డ్, ఒడ్డున రాష్ట్రం చూసుకోవాలని జాతీయ ప్రణాళికలో ఉన్న సంగతి తమకు నేను చెప్పనక్కర్లేదు. ఆ ఒడ్డున నిజంగా దిగేది ఎవరో చెప్పాలి.

2017 జనవరి 28న చెన్నై పక్కనున్న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొని నూనె సముద్రంలోకి కారింది. వారం తర్వాత మా విద్యార్థులు పదకొండు మందితో మద్రాసు రైలెక్కాను. రాళ్ల సందుల్లో నూనె తారులా గడ్డకట్టింది. దాన్ని పీల్చే యంత్రాల పైపులు పూడుకుపోతుంటే బకెట్లతో తోడారు. జాలర్లు, కాలేజీ పిల్లలు, మేము వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ మోశాం. ఎలా చేయాలో ముందు చెప్పినవాళ్లు లేరు. తొక్కిన కొద్దీ నూనె ఇసుకలోకి దిగిపోతుందని సాయంత్రానికి గానీ మాకు తెలియలేదు. గ్లౌజులు మధ్యాహ్నానికే చిరిగాయి. వాసనకు తలలు పగిలిపోయాయి. ఒక అబ్బాయికి మోచేతుల దాకా దద్దుర్లు లేచి ఇరవై రోజులు తగ్గలేదు. వాళ్లమ్మ నన్ను అడిగింది: "సముద్రం యాడ, మనం యాడ సార్? అంత దూరం పిల్చుకపోతిరి, చేతికి తొడుక్కునేది కూడా ఇయ్యలేదా?"

ఆమెకు జవాబు చెప్పడం కోసమే ఈ అర్జీలన్నీ. వెళ్లడానికి సిద్ధంగా ఉన్నవాళ్లకు ముందే శిక్షణ ఇవ్వండి, రక్షణ సామగ్రి ఇవ్వండి, పేర్లు రాసుకుని అవసరమైనప్పుడు పిలవండి. అడిగింది ఇంతే సార్.

మొదటి అర్జీకి జవాబే లేదు. రెండోది ఇచ్చిన చోట "మీ జిల్లాకు సముద్రమే లేదు కదా, కోస్తాలో ఇచ్చుకోండి" అన్నారు. సెలవు పెట్టి మూడోది పట్టుకుని అక్కడికీ వెళ్లాను. "మీది మా జిల్లా కాదు" అన్నారు. నాలుగోది సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తే పది రోజులకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, సమస్య పరిష్కారమైందని. ఏది పరిష్కారమైంది సార్? దయచేసి మీరైనా చెప్పండి.

మా ఊళ్లో సముద్రం లేదు గానీ పత్తి ఉంది. శుద్ధి చేయని దూదిలో సహజంగా మైనం ఉంటుంది కాబట్టి అది నీటిని వదిలి నూనెను పట్టుకుంటుంది. మెడికల్ షాపు దూదికి ఆ గుణం ఉండదు. జిన్నింగ్ మిల్లు నుంచి వ్యర్థపు దూది తెచ్చి, గుడ్డ సంచుల్లో కుక్కి, మెకానిక్ షాపు పాత ఆయిల్ పోసిన నీళ్ల తొట్టిలో మా పిల్లలు పరీక్షించి చూశారు. సంచి నల్లగా అయింది, నీళ్లు తేటపడ్డాయి. 2020లో మారిషస్ తీరాన ఓడ నుంచి నూనె కారినప్పుడు అక్కడి జనం చెరకు ఆకులతో ఇలాగే తెప్పల్లాంటి అడ్డుకట్టలు కుట్టి నీళ్లలో వేశారు. ఆ ఫొటోలు కూడా అర్జీకి జతచేశాను.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదకు ఎన్నూరు క్రీక్‌లో, అంటే అక్కడి సముద్రపు పాయలో, మళ్లీ నూనె. మళ్లీ జాలర్లు ఉత్త చేతులతో, మగ్గులతో తోడటం. రెక్కలకు నూనె అంటిన గూడబాతులను టీవీలో చూసి పాత విద్యార్థులు ఫోన్ చేశారు, "సార్, పోదామా?" అని. వద్దన్నాను. దాదాపు ఏడేళ్ల కింద ముందుండి నడిపించిన నేనే వద్దన్నాను. ఇంకో తల్లి వచ్చి అడిగితే ఏం చెప్పను? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన కృష్ణపట్నానికి, విశాఖకు రోజూ ఓడలు వస్తూ పోతూనే ఉన్నాయి. ఆ రోజు మనకు రాకూడదనే కోరుకుంటాను. వస్తే మాత్రం పిల్లలు ఆగరు సార్, నేను వద్దన్నా ఆగరు. వాళ్ల చేతులకు గ్లౌజులు, ముఖానికి మాస్కు, రెండు రోజుల శిక్షణ, ఏదో ఒకటి చేయండి. మా జిల్లా అని చూడకండి. కనీసం ఈ అర్జీ ఏ ఆఫీసులో ఇస్తే తీసుకుంటారో చెప్పండి. వచ్చే సోమవారం అక్కడికే వస్తాను.

ఇట్లు,
ఒక అధ్యాపకుడు,
ఆదోని, కర్నూలు జిల్లా