కంచ అంటే ఖాళీ జాగా కాదు

సంపాదకుడు గారికి,

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన రాష్ట్ర ప్రభుత్వం వేలం వేయాలనుకున్న కంచ గచ్చిబౌలి భూముల మీద పోయిన ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివి, రాద్దామా వద్దా అని నాలుగు రోజులు ఆగాను. ఆగలేక రాస్తున్నాను. ‘ఆ 400 ఎకరాలు రికార్డుల్లో అడవి కాదు, రాష్ట్రం భూమి రాష్ట్రం ఇష్టం, మధ్యలో ఢిల్లీకేం పని’ అంటారు వ్యాసకర్త. నేను ముప్పై ఏళ్లు రెవెన్యూలో పహాణీలు (ఏ భూమి ఎవరిది, అందులో ఏముంది అని రాసే రికార్డులు) తిరగేసినవాణ్ణి. రికార్డులో రాసిందే నిజమైతే హైదరాబాద్ చుట్టూ చెరువులన్నీ ఈపాటికి అలుగు పారుతుండాలి!

అసలు కంచ అంటేనే పశువులు మేసే పొదల బీడు. పేరే సాక్ష్యం చెబుతోంది.

అడవులు 1976లోనే కేంద్రం, రాష్ట్రం ఇద్దరూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాకెక్కాయి. 1980 అటవీ సంరక్షణ చట్టం వచ్చాక, అడవిని ఇంకో పనికి వాడాలంటే కేంద్రం ఒప్పుకోవాలి. ఏది అడవి అన్నదీ సుప్రీంకోర్టులో గోదావర్మన్ కేసులో 1996లోనే తేలిపోయింది: నిఘంటువు అర్థమే అర్థం, పట్టా ఎవరిదైనా సరే. అలాంటి భూములు గుర్తించడానికి కమిటీలు వేయమని 2025 మార్చి 4న సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. మనవాళ్లు వేశారు. వేసిన నెలలోనే, ఉగాది సెలవులు చూసుకుని కంచ గచ్చిబౌలిలో జేసీబీలు దించారు. చెట్టే లేకపోతే కమిటీకి శ్రమ తగ్గుతుంది కదా! రాత్రిపూట లైట్లు పెట్టి చదును చేస్తుంటే నెమళ్లు అరిచిన అరుపులు అందరం ఫోన్లలో విన్నాం. మా మనవరాలు ఆ వీడియో రెండోసారి పెట్టనివ్వలేదు. ఏప్రిల్ 3న కోర్టు ఆపేసరికి వంద ఎకరాల దాకా పోయింది.

కేంద్రాన్నేమీ వెనకేసుకు రావడం లేదు. రికార్డుల్లో ఉంటేనే అడవి అనే వాదనకు, ఆ 1980 చట్టానికి 2023లో చేసిన సవరణతో దారి చూపింది ఢిల్లీయే. కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటిందని అదే ఏడాది మురిసిపోయింది గత ప్రభుత్వం. జెండాలే మారతాయి, వేలంపాట మారదు. మా రోజుల్లో గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఎండలో గట్టు గట్టూ తిరిగి రాసేవాడు. ఇప్పుడు ఏసీ గదిలో కంప్యూటర్ మీద రంగులు చూసి ‘ఖాళీ’ అని తేల్చేస్తున్నారు.

ఆ కమిటీ గుర్తించిన భూముల జాబితా సర్వే నంబర్లతో సహా తెప్పించి మీ పత్రికలో వేయండి. ఆదివారం వ్యాసం వేసినంత జాగా ఇస్తే చాలు.

– ఒక రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి, లింగంపల్లి