కమిషనర్ గారూ, నెలకో సాయంత్రం ఒక హాలు ఇప్పించండి

గౌరవనీయులైన తిరుపతి నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

నమస్కారం. నగరపాలక సంస్థ చేతిలో ఉన్న కమ్యూనిటీ హాళ్ళలో ఏదో ఒకటి నెలకో సాయంత్రం, ఏడాది పొడుగునా వారంలో అదే రోజు అదే వేళకు, పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ కలిసి కూర్చోవడానికి ఇప్పించమని అడుగుతున్నాం. టికెట్టు ఉండదు, చందా ఉండదు. వాద్యం పట్టుకుని ఎవరొచ్చినా పేరు రాయించుకుని వాయించుకోవచ్చు. కుర్రవాళ్ళు దీన్ని జామ్ సెషన్ అంటున్నారు.

పాటకు తిరుపతిలో వేదిక లేదని ఎవరూ అనలేరు. మహతి ఆడిటోరియం ఉంది, అన్నమాచార్య కళామందిరం ఉంది, కొండ మీద నాదనీరాజనం ఉంది. చిత్తూరు వెళితే నాగయ్య కళాక్షేత్రం ఉంది. అవన్నీ కచేరీకి సిద్ధమైనవాళ్ళ కోసం. సిద్ధం కావడానికి ముందు నలుగురితో కలిసి తప్పులు వాయించుకునే చోటు మాత్రం లేదు. సంగీత కళాశాలలో వీణ నేర్చుకునే అమ్మాయి, ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో గిటార్ వాయించే అబ్బాయి, చర్చిలో కీబోర్డు వాయించే పిల్లవాడు, పల్లెల్లో భారతం ఆడేటప్పుడు హార్మోనియం పట్టే పెద్దాయన, జాతరలో పలక కొట్టే యువకుడు ఒకే ఊరి చుట్టుపక్కల ఉంటారు. ఒకరి వాద్యం ఒకరు దగ్గరగా వినే సందర్భమే రాదు.

సాయంత్రం ఎలా నడవాలో ముందు చెబుతాం. ఐదున్నరకు మొదలు, ఎనిమిదిన్నరకు ముగింపు. మైకులు సరిచూసుకోవడానికి నాలుగున్నరకే తలుపు తీయాలి. మొదటి రెండు గంటల్లో ఎనిమిది వంతులు, ఒక్కొక్కటి పదిహేను నిమిషాలు. అందులో పన్నెండు నిమిషాలు వాయిద్యానికి, మూడు నిమిషాలు దిగి ఎక్కడానికి. చివరి గంట అందరూ కలిసి. గుమ్మం దగ్గర నల్లబల్ల ఒకటి పెట్టి పేరు, వాద్యం, శృతి (పాటకు ఆధారమైన స్వరం ఎత్తు, అంకెల్లో), రాగం, తాళం రాయించాలి. శృతి గడి ఖాళీగా వదిలేస్తే ఆ సాయంత్రం సగం శృతి చేసుకోవడంతోనే గడిచిపోతుంది.

ఆడవాళ్ళు సాధారణంగా ఐదు, ఐదున్నర శృతిలో పాడతారు, మగవాళ్ళు ఒకటి నుంచి రెండు లోపు. మృదంగం ఒక్కటే అన్ని శృతులకూ లొంగదు. హెచ్చు స్థాయిది, తగ్గు స్థాయిది రెండు ఉండాలి. వాటిని కూడా పాటపాటకూ పైకీ కిందకీ లాగితే వార్లూ మూతలూ మొరాయిస్తాయి. అందుకని వంతులు వచ్చిన వరసలో కాకుండా శృతి వరసలో పెట్టాలి: ఐదు, ఐదున్నరవాళ్ళు ముందు, ఒకటి, ఒకటిన్నరవాళ్ళు తరవాత. ఘటం అసలు మారదు, అది ఏ శృతికి కాలిందో ఆ శృతి పాటకే. గిటార్‌కు కాపో (మెడ మీద బిగించి శృతి పెంచే పట్టీ) బిగిస్తే సరిపోతుంది. కీబోర్డుతో వేరే చిక్కు. ముందు పాటకు శృతి మార్చే ట్రాన్స్‌పోజ్ మీట నొక్కినవాళ్ళు దాన్ని సున్నాకు తేకుండా లేచిపోతారు, తరవాత కూర్చున్నవాళ్ళు ఒకటి శృతి అనుకుని మెట్టు నొక్కితే ఒకటిన్నర పలుకుతుంది, తప్పు గాయకుడిదనుకుని అందరూ ఆయన వైపు చూస్తారు. కీబోర్డు మీద కాగితం ముక్క అంటించి 'లేచేముందు సున్నా' అని రాస్తే తీరిపోయే సమస్య ఇది.

ఈ ఊళ్ళో ఇంకో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. అన్నమయ్య సంకీర్తనల రాగిరేకుల మీద రాగం పేరు ఉంటుంది గాని స్వరం ఉండదు. ఇప్పుడు మనం వింటున్న వరుసలు చాలావరకు ఇటీవలి కాలంలో కట్టినవి. అందుకే ఒకే సంకీర్తన ఇద్దరి నోట రెండు వరుసల్లో వస్తుంది, ఒక్కోసారి రాగం కూడా వేరు. విడిగా పాడితే రెండూ బాగుంటాయి, చివరి గంటలో కలిపి పాడితే రభస. నల్లబల్ల మీద సంకీర్తన పేరు పక్కన ఎవరు కట్టిన వరుసో కూడా రాయమనేది అందుకే.

కలిసి వాయించే గంటకు ఐదు స్వరాల రాగాలు మేలు. మోహన స్వరాలు గిటార్ నేర్చుకునేవాడి మేజర్ పెంటటోనిక్ అనే వరస స్వరాలే. శుద్ధధన్యాసి అతని మైనర్ పెంటటోనిక్. పేర్లు వేరైనా వేళ్ళకు దారి ముందే తెలుసు. తాళం ఆదితాళంతో మొదలుపెట్టాలి. ఎనిమిది దెబ్బలు కాబట్టి నాలుగు లెక్కకు అలవాటు పడ్డవాళ్ళు కూడా తప్పిపోరు. ఏడు లెక్కల మిశ్రచాపు మూడో నెలకో నాలుగో నెలకో చూడొచ్చు. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, దగ్గర మాత్రం కీబోర్డు, గిటార్‌వాళ్ళు కాస్త ఆగి వినాలి. వీణ మీద తీగ లాగి పలికించే స్వరం మీద నిలువు స్వరం నొక్కితే రెండూ గీసుకుంటాయి.

కూర్చోవడం గురించి కూడా చెప్పాలి. స్టేజి వద్దు. నాలుగడుగుల ఎత్తున నిలబెడితే కొత్తవాళ్ళు పేరే రాయించరు. నేల మీద జంపఖానాలు పరిచి, కుర్చీలు అర్ధచంద్రంలా వేయాలి. కర్ణాటక సంగీతంవాళ్ళు కూర్చుంటారు, గిటార్‌వాళ్ళు నిలబడతారు. అప్పుడు మృదంగం వాయించే ఆయనకు గిటార్ అబ్బాయి మోకాళ్ళే కనిపిస్తాయి. ముగింపు ఎక్కడో కంటితో చెప్పుకోకపోతే ఎవరికి వారు ఎక్కడో ఆగుతారు. కూర్చునేవాళ్ళకు అడుగున్నర ఎత్తు బల్ల, నిలబడేవాళ్ళకు ఎత్తు స్టూలు వేస్తే కళ్ళు కలుస్తాయి. డ్రమ్ సెట్టు వద్దు, దాని పక్కన వీణ వినపడదు. మీద కూర్చుని చేత్తో వాయించే కహోన్ పెట్టె చాలు. నాదస్వరం, డోలు, పలకలకు మైకు అక్కర్లేదు, హాలు కూడా ఇరుకే. వాళ్ళ వంతు వరండాలోనో ఆవరణలోనో పెట్టాలి. పలక చర్మం బిగిసేలా నిప్పు మీద కాచుకోవడానికి ఆవరణలో ఓ మూల చోటు, పక్కన ఇసుక బకెట్టు ఉండాలి. 'లోపల నిప్పు కుదరదు' అని గుమ్మం దగ్గరే వెనక్కి పంపడం కంటే ఇది మర్యాద.

ఇక హాలు. ఇక్కడి కమ్యూనిటీ హాళ్ళన్నీ పెళ్ళి భోజనాలకు కట్టినవి: కింద టైల్సు, చుట్టూ ప్లాస్టరింగు, పైన స్లాబు. 60 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు, 15 అడుగుల ఎత్తు ఉన్న హాలును లెక్క కట్టి చూడండి. కిటికీలు మూసి, ఖాళీగా ఉంటే చప్పట్ల మోత పూర్తిగా చావడానికి ఆరేడు సెకన్లు పడుతుంది. మృదంగంలో ఒక దెబ్బ తగ్గేలోపు పది దెబ్బలు వచ్చి మీద పడతాయి. సుమారు 200 చదరపు అడుగుల మేర కిటికీలు తెరిస్తే అది మూడున్నరకు దిగుతుంది. అరవై మంది వచ్చి కూర్చుంటే రెండు సెకన్లు. రెండు గోడలకు కలిపి 650 చదరపు అడుగుల మందపాటి తెరలు, మడతలు పడేలా వదులుగా వేలాడదీస్తే ఒకటిన్నర కంటే తక్కువకు వస్తుంది. పాటకూ మాటకూ అది చాలు. షామియానా పలచటి గుడ్డ వేసి సరిపెడితే ప్రయోజనం లేదు, బరువున్న బట్ట కావాలి, గోడకు అరడుగు ఎడం ఉండాలి. మోత ఉన్న హాల్లో సౌండ్ సరిగ్గా వినపడటం లేదని వాల్యూం పెంచుతారు, పెంచేకొద్దీ మోత పెరుగుతుంది, చివరికి మైకు కూత పెడుతుంది. తప్పు మైకుసెట్టుదని తిడతాం, నిజానికి తప్పు గోడది.

సామాను పెద్దదేమీ కాదు. పన్నెండు ఛానెళ్ళ మిక్సర్, స్టాండ్ల మీద 12 అంగుళాల స్పీకర్లు రెండు, వాయించేవాళ్ళ వైపు తిప్పిన మానిటర్ స్పీకర్లు రెండు, పాటకు నాలుగు మైకులు, వాద్యాలకు నాలుగు, గిటార్, కీబోర్డు, వీణ కాంటాక్ట్ మైకు కోసం డీఐ బాక్సులు (వాద్యం వైరును మిక్సర్‌కు కలిపే చిన్న పెట్టెలు) మూడు, స్టాండ్లు ఎనిమిది. స్పీకర్లు మైకులకంటే ముందు వరసలో ఉండాలి, వెనక ఉంటే కూత తప్పదు. మైకు దగ్గర ఫ్యాను గాలి తగిలితే దడదడ వినిపిస్తుంది కాబట్టి స్పాంజి టోపీలు తగిలించాలి. స్విచ్ వేసేటప్పుడు మిక్సర్ ముందు, స్పీకర్లు ఆఖరున. తీసేటప్పుడు స్పీకర్లు ముందు. దీన్ని తిరగేస్తే వచ్చే 'టప్'మనే దెబ్బకు స్పీకర్లు పాడవుతాయి. మొదటి ఆరు నెలలు ఇవన్నీ అద్దెకు తెచ్చుకుంటాం, ఆ బాధ్యత మాది.

తెరలతో పాటు మీరు చేయించాల్సింది కరెంటు పని. మొత్తం వాడకం కిలోవాటున్నర దాటదు, ఒక్క 16 ఆంపియర్ల ప్లగ్ చాలు. కాని ఆ ప్లగ్ ఫ్యాన్లూ లైట్లూ లేని వేరే లైను మీద ఉండాలి. ఫ్యాను రెగ్యులేటర్ల సణుగుడంతా స్పీకర్లోకి వస్తుంది. వాయించేచోట ప్రతి వస్తువూ ఆ ఒక్క ప్లగ్ నుంచే తీసుకోవాలి. ఈ గోడకో వైరు, ఆ గోడకో వైరు లాగితే 'హుమ్'మని మోగుతూనే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం ఎర్త్. ఎర్త్ లేని ప్లగ్‌కు గిటార్ ఆంప్లిఫయర్ తగిలించి, తీగలు పట్టుకుని పెదవి మైకుకు ఆనిస్తే షాకు కొడుతుంది, ప్రాణానికే ముప్పు. హుమ్ పోతుందని ఎర్త్ పిన్ను పీకేసే తెలివితేటలు ఈ వృత్తిలో ఇంకా ఉన్నాయి. హుమ్‌కు మందు డీఐ బాక్సు మీద ఉన్న గ్రౌండ్ లిఫ్ట్ మీటే గాని పిన్ను పీకడం కాదు. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటరు పెడితే రెండు మూడు వోల్టులు దాటకూడదు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) ఒకటి బిగించాలి. తిరుపతి వేసవికి ఎర్త్ గుంత ఎండిపోతుంది, వాచ్‌మన్ వారానికోసారి బకెట్టు నీళ్ళు పోస్తే చాలు.

చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకు ఇబ్బంది అనే మాట వస్తుంది, రావాలి కూడా. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు పరిమితి. లౌడ్‌స్పీకర్ వాడే బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితి కంటే 10 డెసిబెళ్ళు, లేదా 75, ఏది తక్కువైతే అది మించకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించి ఉండవచ్చు కాబట్టి హాలు ఎంచేటప్పుడే ఆ మూడూ చూడాలి. కిటికీలు తెరిస్తే మోత తగ్గుతుంది గాని శబ్దం వీధిలోకి పోతుంది. అందుకే తెరలు అడుగుతున్నాం: అవి ఉంటే వీధి వైపు కిటికీలు మూసుకోవచ్చు. రాత్రి పదికి ఇంకా గంటన్నర ఉండగానే ఆపేస్తాం. లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఎలాగూ కావాలి. దానికి ప్రతి నెలా కాగితం పట్టుకుని తిరగకుండా, పన్నెండు తేదీలకూ ఒకేసారి ఇచ్చేలా పోలీసువారితో మీ కార్యాలయం మాట్లాడితే సగం పని అయినట్టే.

వారం సంగతి. శనివారం వద్దు, ఆ రోజు ఊరంతా యాత్రికుల రద్దీ. ఆదివారం సాయంత్రాలు రిసెప్షన్లకు పోతాయి, హాలు ఆదాయం చెడగొట్టమని మేము అడగం. నెలలో రెండో బుధవారం అనుకుంటున్నాం. మంచి ముహూర్తం ఉన్న బుధవారం పెళ్ళివాళ్ళు అడిగితే మరుసటి రోజుకు జరుపుతాం. కాని ఆ మాట పదిహేను రోజుల ముందు తెలియాలి. వచ్చిన పిల్లలు తాళం చూసి వెనక్కి పోవడం రెండుసార్లు జరిగితే మూడోసారి రారు.

కాపీరైట్ విషయం కూడా చూసుకున్నాం. డబ్బు తీసుకోని ప్రేక్షకుల ముందు ఔత్సాహిక బృందం చేసే ప్రదర్శనకు 1957 చట్టం 52వ సెక్షన్లో మినహాయింపు ఉంది. టికెట్టు పెడితే అది పోతుంది. వీడియో తీసి ఎక్కించడానికి అది సరిపోతుందనుకోకూడదు, కొత్తగా కట్టిన వరుసల విషయంలో మరీను.

ఫోన్లో ట్రాక్ పెట్టి పాడేవాళ్ళను మొదటి రెండు గంటలూ వద్దంటాం. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు, పక్కవాడి మాట వినదు. అలాగే జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, పెద్దల ప్రసంగాలు ఉండవు. మొదటి నెల పది నిమిషాలని మొదలైన ప్రసంగం మూడో నెలకు గంటై కూర్చుంటుంది, ఆ గంట వాయించేవాళ్ళ వాటాలోంచి పోతుంది. మీరు తప్పక రండి. ముఖ్య అతిథిగా మాత్రం పిలవం. పాడతారంటే నల్లబల్ల మీద పేరు రాస్తాం, శృతి చెప్పాలి.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేక హాళ్ళు ఖాళీగా ఉంటాయి. మొదటి సాయంత్రం అప్పుడు పెడదాం. ఏ హాలో తేల్చి చెబితే టేపూ మల్టీమీటరూ పట్టుకుని వచ్చి, కొలతలు తీసి, ఎన్ని చదరపు అడుగుల తెర కావాలో, ప్లగ్ ఎక్కడ వేయాలో బొమ్మ గీసి వారం రోజుల్లో మీ ఇంజినీరింగ్ విభాగానికి ఇస్తాం.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు ప్రాంతాల గాయకులు, వాద్యకారులు, మైకుసెట్టు పనివారు